నేత్రదానం గురించి రాసినట్టే మెదడు దానం గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

జూన్ 8, ప్రపంచ మెదడు కణితుల దినం సందర్భంగా మీరు వేసిన వ్యాసం చదివాను. తలనొప్పి, వాంతులు, మూర్ఛ వంటి లక్షణాలు, స్కానింగు, ఆపరేషను, రేడియేషను అన్నీ వివరంగానే ఉన్నాయి. తీసిన కణితి ఆ తర్వాత ఏమవుతుందన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో, శరీరం నుంచి తీసిన ముక్కలను పరీక్షించే హిస్టోపాథాలజీ ల్యాబులో ముప్ఫై ఏళ్లకు పైగా టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ సంగతి చెప్పాల్సింది మావంటి వాళ్లమే.

థియేటర్ నుంచి వచ్చే ముక్క ఒక్కోసారి బఠాణీ గింజంత కూడా ఉండదు. ఆపరేషను నడుస్తుండగానే అందులో ఒక తునకను గడ్డకట్టించి, కోసి, రంగు వేసి ఇస్తే, దాన్ని మైక్రోస్కోపులో చూసి రోగం తేల్చే డాక్టరు, అంటే పాథాలజిస్టు, అరగంటలోపు సర్జన్‌కు కబురు చెప్పాలి. మిగిలినదాన్ని కుళ్లిపోకుండా ఫార్మలిన్ అనే ద్రావణంలో ఉంచి, తర్వాత మైనం పోసి దిమ్మ కడతాం. దాని నుంచి మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరలు కోస్తే గోరువెచ్చని నీళ్ల మీద తేలుతాయి. ముడత పడకుండా గాజు పలక మీదికి ఎత్తుకోవాలి. రంగు వేశాక కణాల కేంద్రకాలు నీలంగా, తక్కినదంతా గులాబీగా కనిపిస్తుంది. రోగం పేరు తేలాక దిమ్మ అరలోకి వెళుతుంది. ఏళ్లు గడిచినా చెడదు.

రోగుల నుంచి తీసిన కణితి నమూనాల విలువకు ఒక్క ఉదాహరణ చెబుతాను. గ్లియోబ్లాస్టోమా చాలా ప్రమాదకరమైన మెదడు కణితి. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆ కణితి నమూనాలు 22 తీసుకుని, ఇరవై వేలకు పైగా జన్యువులను పరీక్షించారు. కొన్నింటిలో ఐడీహెచ్1 అనే జన్యువు మారిపోయి ఉంది. ఆ మార్పు ఉన్న రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నారని తేలింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన కణితుల వర్గీకరణలోకే ఆ జన్యువు ఎక్కింది. ఆ జన్యువు మారితే అది తయారుచేసే ఎంజైమూ మారుతుంది. మారిన ఆ ఎంజైమును అడ్డుకునే వొరాసిడెనిబ్ మాత్రకు 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మార్పు ఉండి నెమ్మదిగా పెరిగే గ్లియోమాలనే మెదడు కణితులకు వాడతారు. పూర్తిగా నయం చేయదు, కణితి పెరగకుండా కొంతకాలం ఆపుతుంది. ఆ కొంతకాలం ఇంటివాళ్లకు ఎంత ముఖ్యమో రిపోర్టు కోసం కౌంటరు ముందు నిలబడ్డవాళ్ల ముఖాలు చూసిన నాకు తెలుసు.

అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇక్కడ దిగే కుటుంబాలు ఎన్నో. కదిరి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు రిపోర్టు తీసుకుని కూడా కదల్లేదు. “అమ్మా, మా నాన్న తలలోంచి తీసినది ఎక్కడుంది?” అని అడిగాడు. లోపలికి పిలిచి దిమ్మ చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి, “దీని మీద పరిశోధన చేస్తే ఇంకొకరికి పనికొస్తుందా?” అన్నాడు. పనికొస్తుంది. అసలు వాళ్ల నాన్న వేలిముద్ర వేసిన కాగితంలోనే పరిశోధన ప్రస్తావన ఉంది, ఇంగ్లీషులో, చివరి పేరాలో ఒక్క వాక్యంగా. థియేటర్ తలుపు దగ్గర హడావుడిగా వేయించిన ముద్ర అది. అడిగితే మనస్ఫూర్తిగా ఒప్పుకునే మనుషులకు చెప్పకుండా ముద్ర వేయించుకోవడం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంతమంది తెలుగువాళ్లు వచ్చే ఊళ్లో తెలుగు పత్రం అచ్చువేయించడం ఏపాటి పని? ముందురోజే కూర్చోబెట్టి చెప్పాలి. ఒప్పుకోకపోయినా వైద్యంలో తేడా ఉండదనీ, తర్వాత మనసు మారితే వద్దనవచ్చనీ చెప్పాలి.

ఇక మెదడు దానం. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు ఉంది. దానంగా వచ్చిన మెదళ్లను పరిశోధన కోసం అక్కడ భద్రపరుస్తారు. కణితి అయితే మనిషి బతికుండగానే ముక్క దొరుకుతుంది. అల్జీమర్స్, పార్కిన్సన్స్ వంటి జబ్బులు వచ్చిన మెదడు పరిశోధకుల చేతికి వచ్చేది మరణం తర్వాతే. పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేని మెదడు కూడా కావాలి. అదీ ప్రాణం పోయిన కొన్ని గంటల్లోనే తీయాలి. ఏడుస్తున్న ఇంట్లో ఆ మాట కొత్తగా ఎత్తలేం కనుక ముందే మాట్లాడుకోవాలి. ముఖం చెడదు, దేహాన్ని అంత్యక్రియలకు ఇంటివాళ్లకే అప్పగిస్తారు. నేను మా పిల్లలకు చెప్పి కాగితం మీద రాసిచ్చాను. మా అక్కకు నచ్చలేదు. తల తెరిస్తే ఉత్తమగతులు ఉండవని ఆమె భయం. కళ్లు ఇచ్చినవాళ్లకు లేని దోషం మెదడు ఇస్తే ఎందుకు వస్తుందని అడిగాను. ఆ వాదన ఇంకా తెగలేదు.

నేత్రదానం చేసిన కుటుంబాల వార్తలు మీ జిల్లా పేజీల్లో ఫొటోలతో వస్తుంటాయి. మెదడు దానం గురించీ అలాగే రాయండి. ఎవరికి ఫోను చేయాలో, చేశాక ఏం జరుగుతుందో, ఏ కాగితాలు కావాలో కనుక్కుని వేయండి. తెలుగులో సమ్మతి పత్రం ఇస్తున్న ఆసుపత్రులేవో, ఇవ్వనివేవో మీ బెంగళూరు విలేకరిని పంపి తెలుసుకోండి.

– ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, జయనగర, బెంగళూరు