అటల్ ల్యాబు తాళం తీయించండి, సైకిలు విప్పనివ్వండి

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ (ఇనుప ముక్కను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) పని చేస్తాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ల బడిలో అటల్ టింకరింగ్ ల్యాబు ఉంది, అంటే పిల్లలు సొంత చేతులతో వస్తువులు చేసి నేర్చుకునే గది. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన పథకమిది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసమని, ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. ఆ గదికి మాత్రం ఎప్పుడూ తాళమే. త్రీడీ ప్రింటర్ పాడవుతుందని టెన్షనట! వాడకపోయినా పాడవుతుంది సార్.

ప్రింటర్ దాకా ఎందుకు, ముందు ఒక పాత సైకిలు విప్పనివ్వండి. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18 ఉన్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. పిల్లలే సుద్దముక్కతో టైరు మీద గీత పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. వెనక పళ్లు పెంచితే ఎత్తు ఎక్కడం తేలిక, వేగం తక్కువ. నిష్పత్తుల పాఠం అక్కడే అయిపోతుంది. చక్రం నడుమనుండే హబ్బు విప్పి బేరింగు గుళ్లు చేతిలో పెట్టండి. గ్రీజు అంటితే అంటనివ్వండి, సబ్బు మేమే పంపుతాం.

మెకానికల్ అంటే మగపిల్లల చదువని ఇంకా అనుకుంటున్నారు. ఆడపిల్లలకూ స్పానర్ ఇవ్వమని రాతపూర్వకంగా చెప్పండి.

రెండో శనివారం మా షెడ్డుకు పంపినా సరే. లేత్ దగ్గరికి వచ్చేటప్పుడు చున్నీలు, వదులు చేతుల బట్టలు వద్దు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. వెర్నియర్‌తో (మిల్లీమీటరు కంటే చిన్న కొలతలు తీసే పరికరం) కొలవడం నేను నేర్పిస్తాను. తాళం తీయించే పని మీది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి