సైటేషన్లు సరే, కనిపెట్టిందేమిటో కూడా రాయండి

సంపాదకుడికి,

అయ్యా,

సెప్టెంబరు వచ్చిందంటే ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల’ జాబితా మీద మన జిల్లా పేజీలో వార్తలు మొదలవుతాయి. తిరుపతి ఆచార్యుల ఫొటోలు, శాలువాలు, వీసీ అభినందనలు. సంతోషమే. కానీ వార్త మొత్తం చదివినా తెలిసేది ఎన్ని పేపర్లు, ఎన్ని వేల సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఎంత అన్నంతవరకే. క్యాన్సర్ మీద పనిచేసే మాలిక్యులర్ బయాలజిస్టు గురించి రాసినా అంతే. ఏ క్యాన్సరో, ఏ జన్యువో, ఇన్నేళ్ల పనిలో ఏం తేలిందో ఒక్క వాక్యం ఉండదు.

సైటేషన్ అంటే ఒకరి పేపరును ఇంకొకరు తమ పేపరులో ప్రస్తావించడం. మెచ్చుకుంటూ ప్రస్తావించినా, తప్పని చెప్పడానికి ప్రస్తావించినా లెక్కలో ఒకటే. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం 40 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 40 ఉంటే హెచ్-ఇండెక్స్ 40. పేపర్లు చదివే ఓపిక లేని సెలక్షన్ కమిటీలకు ఇది భలే కలిసొచ్చింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు అయోనిడిస్ బృందం తయారుచేసే ఈ టాప్ 2 శాతం జాబితాలో కూడా కెరీర్ మొత్తానికి ఒక పట్టిక, ఒక్క ఏడాదికి మరో పట్టిక ఉంటాయి. సొంత పేపర్లను తామే ప్రస్తావించుకున్నవి తీసేస్తే ర్యాంకు ఎంతో కూడా అందులోనే ఉంటుంది. వార్తల్లో ఈ తేడాలేవీ కనబడవు.

మనవాడు యల్లాప్రగడ సుబ్బారావునే తీసుకోండి. ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి వేల సైటేషన్లున్నాయి. నేను బయోకెమిస్ట్రీ చెప్పిన రోజుల్లో పిల్లలు ‘ఫిస్క్-సుబ్బారావ్ మెథడ్’ అంటూ రికార్డులో రాసేవాళ్లు. ఆ సుబ్బారావు మన సుబ్బారావేనని వాళ్లలో చాలామందికి తెలియదు, అది వేరే సంగతి. క్యాన్సర్ విషయానికొస్తే, లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చారు. వాళ్లలో కొందరికి కొంతకాలం రోగం తగ్గుముఖం పట్టింది. 1948లో వచ్చిన ఆ పేపరు రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. అమినాప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ అనే మందును ఇప్పటికీ లుకేమియా పిల్లలకు వాడుతున్నారు. ఫాస్ఫరస్ పరీక్ష ఖాతాలో పడినన్ని సైటేషన్లు ఈ మందు తరఫున ఆయన ఖాతాలో ఎక్కడ పడతాయి?

పరిశోధనా రంగాన్ని బట్టి కూడా అంకెలు మారతాయి. క్యాన్సర్ మీద ప్రపంచమంతటా వేల ల్యాబులు పనిచేస్తాయి కాబట్టి ఒక మోస్తరు పేపరుకు కూడా సైటేషన్లు దండిగా వస్తాయి. పైగా అప్పటిదాకా వచ్చిన పేపర్లను క్రోడీకరించే సమీక్షా వ్యాసాలకు ఇంకా ఎక్కువ. శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే సైకస్ బెడ్డోమీ అనే మొక్క మీద జీవితమంతా పనిచేసిన వృక్షశాస్త్ర ఆచార్యుడికి ఆ అంకెలో పదో వంతు కూడా రాకపోవచ్చు. అంతమాత్రాన ఆయన పని తక్కువదా?

సైటేషన్లు పనికిరావని నేను అనడం లేదు. ఒక పేపరును పదిమంది చదివారని అవి చెబుతాయి, చెప్పింది నిజమని మాత్రం చెప్పవు. 2012లో, అంతకుముందు ఆమ్జెన్ అనే మందుల కంపెనీలో పనిచేసిన బెగ్లీ, క్యాన్సర్ రంగంలో మైలురాళ్లనుకున్న 53 పేపర్ల ప్రయోగాలను తమ శాస్త్రవేత్తలు మళ్లీ చేసి చూస్తే ఆరింటిలో మాత్రమే అవే ఫలితాలు వచ్చాయని ‘నేచర్’ పత్రికలో రాశారు. నిలబడని పేపర్లలోనూ వందల సైటేషన్లున్నవి ఉన్నాయి.

మన దగ్గర దీనికి ఇంకో కోణం ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లు క్యాన్సర్ అనగానే వేలూరుకో, చెన్నైకో పరుగెత్తేవాళ్లు. అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆస్పత్రి వచ్చాక కొంత ఊరట. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు ‘క్యాన్సర్ పరిశోధనలో ప్రపంచ గుర్తింపు’ అన్న హెడ్డింగు చూస్తే మన ఊళ్లోనే మందు కనిపెట్టేశారనుకుంటారు. ల్యాబులో తేలింది మందుగా మారడానికి ఎంత కాలం పడుతుందో వాళ్లకెవరు చెప్పాలి? ఒక రకం రక్త క్యాన్సర్‌లో కనబడే ఫిలడెల్ఫియా క్రోమోజోమును 1960లో గుర్తించారు. దాని వల్ల పుట్టే ప్రోటీనును అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి దొరికింది 2001లో.

పదోన్నతులకు జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టరును, అంటే ఒక జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్కను, కొలబద్దగా పెట్టుకోవద్దని పరిశోధనల అంచనాపై వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2013లోనే చెప్పింది. మన వర్సిటీలు దాన్ని పాటిస్తే మంచిది. మీ పత్రిక చేయగలిగింది మాత్రం ఇంకా సులువు. ఈసారి జాబితా వచ్చినప్పుడు మీ విలేకరి ఆ ఆచార్యుణ్ణి మూడు ప్రశ్నలు అడగాలి. మీరు కనిపెట్టినదాన్ని మా పాఠకులకు అర్థమయ్యేలా ఎలా చెబుతారు? దాన్ని మీ ల్యాబు బయట ఇంకెవరైనా చేసి చూశారా? ప్రయోగం ఇప్పుడు ఏ దశలో ఉంది, కణాల్లోనా, ఎలుకల్లోనా, మనుషుల్లోనా? జవాబులు వేసి, చోటు మిగిలితే సైటేషన్ల అంకె వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయోకెమిస్ట్రీ లెక్చరర్,
తిరుపతి