వానకాలం నిమిషాలల్ల కొలవండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్ల జిల్లా పేజీల ఒక ఫోటో వచ్చింది, నిండు గర్భిణిని మంచం మీద పండవెట్టి నలుగురు మనుషులు వాగు దాటిస్తున్నరు. ప్రతి వానకాలం గసొంటి ఫోటో ఒకటి రానే వస్తది, చూసి అయ్యో అనుకుంటం, రెండు రోజులకు మర్చిపోతం. నేను మర్చిపోలేకపోతున్న, ఎందుకంటే మా చెల్లె అత్తగారిల్లు ములుగు జిల్లాల వాగు అవతల ఒక ఊర్ల ఉంది. ఆమెకు నొప్పులు మొదలైన రాత్రి దవాఖాన ఆరు కిలోమీటర్ల దూరమే, కానీ రోడ్డు మీదికెల్లి వాగు పారుతుంటే అంబులెన్స్ బండి సుట్టు తిరిగి వచ్చేసరికి రెండు గంటలయింది. తల్లి, బిడ్డ ఇద్దరు బాగున్నరు, దేవుని దయ. బండి నడిపినాయనది ఏం తప్పు లేదు, నర్సమ్మది తప్పు లేదు, ఆ బండిని నిలవెట్టిన జాగనే తప్పు.

నేను హన్మకొండల ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తా, దవాఖాన, బండి ఎక్కడ పెట్టాలె అనేది లెక్క కట్టి తేల్చొచ్చు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్న.

సబ్ సెంటర్, అంటే నర్సమ్మ ఉండే చిన్న సర్కారు సెంటర్, అయితే మైదానంల 5,000 మందికి ఒకటి, ఏజెన్సీల 3,000 మందికి ఒకటి, పీహెచ్‌సీ అయితే 30,000కు ఒకటి, ఏజెన్సీల 20,000కు ఒకటి అని కేంద్ర సర్కారు పెట్టిన లెక్క ఉన్నది. ఎన్ని ఉండాలె అనేది ఆ లెక్క చెప్తది, ఎక్కడ ఉండాలె అనేది చెప్పదు. ఎక్కడ అనే కాడికి వస్తే మండల కేంద్రం, లేకపోతే సర్కారు జాగ దొరికిన కాడ, లేదంటే జర పలుకుబడి ఉన్న లీడర్ ఊరు. జనాభా సరిపోయిందా, సరిపోయింది, ఇగ ఫైల్ మూసుడే.

ఈ ఎక్కడ అనేదానికి గణితంల అరవై ఏండ్ల సంది పద్ధతులున్నయి, ఆప్టిమైజేషన్ అంటరు, అంటే ఉన్నదాంట్ల అన్నిటికన్న మంచి తీరు ఏదో లెక్క కట్టి వెతుకుడు. 1964ల హకీమి అనే ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఎక్కడ పెడితే మంచిది అని మొదలుపెట్టిండు, 1974ల రిచర్డ్ చర్చ్, చార్లెస్ రెవెల్ అనే ఇద్దరు, చేతిల ఉన్న కొన్ని కేంద్రాలతోని ఫలానా దూరం లోపల ఎక్కువల ఎక్కువ ఎంతమందిని అందుకోవచ్చు అనే లెక్క కట్టిన్రు. రెండు మండలాలు కలిపి 40 ఊర్లు, ఆరు సబ్ సెంటర్లకే డబ్బులున్నయి అనుకోండి. ఏ ఆరు ఊర్లు అని ఎంచుకునే తీర్లు 38,38,380. ఎంత తెలివైన ఆఫీసర్ అయినా ఇన్నిటిని మనసుల పోల్చి చూడలేడు, మామూలు కంప్యూటర్‌కు మాత్రం అది పెద్ద పనే కాదు. ఇది బయటి దేశాల ముచ్చట అనుకోవద్దు, గోవాల సాల్సెట్ తాలూకా మీద చిన్న దవాఖానలు పెద్ద దవాఖానలు కలిపి ఎక్కడెక్కడ ఉండాలో హాడ్జ్‌సన్ అనే ఆయన 1988లనే లెక్క కట్టిండు. మళ్ల 1998ల ఆయనే ఇంకిద్దరితోని కలిసి ఆఫ్రికాల ఉన్న ఘనా దేశంల సుహుమ్ అనే జిల్లాల, మందుల బండి ఏయే ఊర్లల్ల ఆగితే మిగిలిన ఊర్లోళ్లు నడిచి రాగలుగుతరు, బండి తిరుగుడు తగ్గుతది అని చూసిండు. మన ఏజెన్సీకి అచ్చంగ సరిపోయే లెక్క అది.

ఇగ అసలు మాట. కంప్యూటర్ మనం ఏం అడిగితే దానికే జవాబు చెప్తది. 3,000 మంది ఉన్న ఊరు ఒకటి, 200 మంది ఉన్న గూడెం ఒకటి, మధ్యల గంట ప్రయాణం, కేంద్రం ఒక్కటే పెట్టగలుగుతం అనుకోండి. సగటు ప్రయాణం తగ్గియ్యమంటే అది ఊర్లనే పెడుతది. అప్పుడు సగటు ఎంత? నాలుగు నిమిషాలు కూడ కాదు. రిపోర్టుల "సగటున నాలుగు నిమిషాల లోపే వైద్యం" అని రాస్తరు, చదివినోళ్లందరు మెచ్చుకుంటరు, గూడెంల మనిషికి మాత్రం గంట గంటనే. నాకు ఆ సగటును చూస్తే భయమైతది. అందుకని సగటు అడగొద్దు, ఏ ఒక్కరికి ముప్పై నిమిషాలు దాటొద్దు అని షరతు పెట్టి, దానికి ఎన్ని కేంద్రాలు కావాలె అని అడగాలె. వచ్చిన సంఖ్య పెద్దగనే ఉండొచ్చు, కానీ అది పట్టుకొని బడ్జెట్ అడిగేతందుకు మనకు ఒక ఆధారం ఉంటది.

ఇంకోటి, ఆ ముప్పై నిమిషాలు ఏ కాలంవి? 2023 జులైల మా ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, జంపన్న వాగు కొండాయి ఊరిని ముంచింది, ఎంతమంది పానాలు పోయినయో మీకు తెలుసు. ఎండకాలం రోడ్డు చూసి లెక్క కడితే వాగుకు ఒక్క దిక్కే కేంద్రం వస్తది, వానకాలం నిమిషాలు ఇస్తే అవతల గట్టుకు కూడ ఒకటి కావాలని అదే లెక్క చెప్తది. బిల్డింగు కట్టేదాకా ఆగే పని కూడ లేదు, అంబులెన్సులకు, మందుల బండ్లకు పునాదులు ఉండవు కదా, జూన్‌ల అవతలికి పంపి దసరా పోయినంక ఇవతలికి తేవొచ్చు. నర్సు పోస్టు ఖాళీ ఉన్న సెంటర్‌ను మాత్రం ఉన్నట్టు లెక్కల వేయొద్దు, తాళం వేసిన సెంటర్ లేనట్టే.

ఇదంతా చేసేతందుకు ఎక్కడికో పోయే అవసరం లేదు. వరంగల్ ఎన్ఐటీ 1959 సంది ఉన్నది, కాకతీయ యూనివర్సిటీ 1976 సంది ఉన్నది, రెండు కాడ లెక్కలు చదివే పిల్లలున్నరు, ప్రాజెక్టులు వెతుక్కుంటుంటరు. 108 బండ్లు 2005 ఆగస్టు 15 సంది తిరుగుతున్నయి, ఎప్పుడు ఫోనొచ్చింది ఎప్పుడు చేరింది అనే టైములు పేర్లు తీసేసి పిల్లలకు ఇయ్యొచ్చు. ఏటూరునాగారంల గిరిజనుల అభివృద్ధి చూసే ఐటీడీఏ ఆఫీసు ముందుకొస్తే ఒక్క ఎండకాలంల అయిపోయే పని, షరతు ఎన్ని నిమిషాలు అనేది మాత్రం గ్రామసభల జనమే చెప్పాలె, అది పిల్లలు తేల్చేది కాదు ఆఫీసర్లు తేల్చేది కాదు.

మ్యాపుల లేని సంగతి ఆశా అక్కలకు తెలుసు. మొన్న ఆదివారం మా చెల్లె ఊర్ల ఆశా అక్కతోని కూసోని ఏ కల్వర్టు ఎన్ని గంటల వానకు మునుగుతది, మళ్ల ఎప్పుడు తేలుతది అని అడిగి నోట్‌బుక్కుల రాసుకున్న, 17 జాగలయినయి. ఆ లిస్టు ఏ ఆఫీసుల ఇయ్యాలో మీ పేపర్ల ఎవరన్న చెప్తే సెలవు పెట్టి తీసుకొచ్చి ఇస్తా.

ఇట్లు,
ఒక లెక్కల లెక్చరర్,
హన్మకొండ