పిల్లల పేజీలో పాత వీడియో గేములకు చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లలు ఫోన్ వదలడం లేదనీ, లాక్కుని బీరువాలో పెట్టమనీ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. తల్లిదండ్రుల బాధ నాకు తెలుసు. అయితే ఫోన్ లాక్కున్నాక పిల్లకాయల చేతికి ఏమివ్వాలో ఆ వ్యాసంలో లేదు. నా వంతుగా ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను చెన్నై పెరంబూరులో టీవీ మెకానిక్‌ని. సొంతూరు సూళ్లూరుపేట. రైలు పెట్టెల ఫ్యాక్టరీలో మా నాయనకు పని దొరకడంతో ఇక్కడికొచ్చి ఇక్కడే ఉండిపోయాం. షాపులో ఒక మూల పాత డబ్బా టీవీ, దానికి తగిలించి ఒక టీవీ గేమ్ పెట్టాను. బడి వదిలాక మా వీధి పిల్లకాయలంతా అక్కడే ఉంటారు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, కాంట్రా అనే గేమ్ ఆడేటప్పుడు రెండూ కలిపి అరుపులు. వాళ్ల ఆట రోజూ చూసేవాడిగా చెబుతున్నాను: పిల్లలకు పాత వీడియో గేములివ్వండి. ఊరికే ఇవ్వకుండా ఒక్కోదానికీ ఒక చాలెంజ్ జోడించి ఇవ్వండి.

ఇప్పటి ఫోన్ గేముల్లో చాలావాటికి అంతం లేదు. రోజూ తెరిచినందుకు ఒక పెట్టె, డబ్బు కట్టినందుకు ఒక కత్తి, కట్టకపోతే ఒక ప్రకటన. పదేళ్ల పిల్లవాడికి తాను గెలిచాడో, వాళ్ల నాయన డబ్బు గెలిచిందో తెలియదు. పాత టీవీ గేమ్ క్యాసెట్‌లో ఈ బేరం లేదు. మూడు ప్రాణాలిస్తుంది, అవి అయిపోతే మళ్లీ మొదటికి రమ్మంటుంది. చివరి లెవెల్ దాటితే గేమ్ అయిపోతుంది, పిల్లవాడు లేచి అన్నానికి వెళతాడు. నాకు ఈ గేముల మీద ఇంత గౌరవం ఉండటానికి సగం కారణం ఆ 'అయిపోవడమే'.

చాలెంజులు కట్టుకుని ఆడటం నిన్న మొన్న వచ్చింది కాదు. 1982లో అమెరికాలో యాక్టివిజన్ కంపెనీ పిట్‌ఫాల్ అనే గేమ్ తెచ్చింది. అడవిలో గోతులు, మొసళ్లు దాటుకుంటూ 20 నిమిషాల్లో 32 నిధులు ఏరుకోవాలి. 20,000 పాయింట్లు దాటినవాళ్లు టీవీ తెరకు ఫోటో తీసి పోస్టులో పంపితే, చొక్కాకి కుట్టుకునే గుడ్డ బ్యాడ్జీ కంపెనీ నుంచి తిరుగు టపాలో వచ్చేది. 2005లో ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ మెషీన్ ఇదే పద్ధతిని అచీవ్‌మెంట్ల పేరుతో మెషీన్‌లోకే తెచ్చింది. 2008లో ప్లేస్టేషన్ ట్రోఫీలు మొదలయ్యాయి. మరి అంతకు ముందు గేముల సంగతేమిటి? దానికి రెట్రోఅచీవ్‌మెంట్స్ అనే ఉచిత సేవ ఉంది. జీతం లేని అభిమానులే పాత గేములకు చాలెంజులు రాస్తున్నారు. ప్రాణాలు, పాయింట్లు, లెవెల్ నంబరు గేమ్ మెమరీలో ఏ చోట ఉంటాయో వెతికి పట్టుకుని, ఫలానా చోట ఫలానా అంకె రాగానే చాలెంజ్ పూర్తయినట్టు గుర్తిస్తారు. అందులో హార్డ్‌కోర్ అని ఒక పద్ధతుంది. దాన్ని ఎంచుకుంటే మధ్యలో ఆట భద్రపరిచి అక్కడి నుంచే మళ్లీ మొదలెట్టడం, వెనక్కి తిప్పుకోవడం కుదరదు. క్యాసెట్ రోజుల్లో ఎలా ఆడామో అలాగే ఆడాలి. పిల్లలకు మొదటి రోజు నుంచీ అదే అలవాటు చేయమంటాను.

గేముల విషయానికొస్తే, నా మొదటి ఓటు 1985 నాటి సూపర్ మారియోకే. ఎనిమిది లోకాలు, ఒక్కో లోకంలో నాలుగు, మొత్తం 32 లెవెళ్లు. గేమంతా కలిపి 40 కిలోబైట్లు. చోటు చాలక తయారుచేసినవాళ్లు మబ్బుకీ పొదకీ ఒకే బొమ్మ వాడారు. ఇది నేను చెప్పకుండానే మా వీధిలో ఆరో తరగతి అమ్మాయి కనిపెట్టింది. "మామా, పైనున్న మబ్బే కింద పొద! రంగు మార్చినారు, అంతే!" అని కేకేసింది. ఆ చూపు కోసమే పాత గేములు ఇవ్వాలంటాను.

మారియోలో అందరికీ తెలిసిన అడ్డదారి 1-2లో, అంటే మొదటి లోకం రెండో లెవెల్లో ఉంది. పైకప్పు మీదుగా చివరిదాకా పరిగెత్తితే రెండు, మూడు, నాలుగు లోకాలకు గొట్టాలు కనిపిస్తాయి. 4-2లో మరో అడ్డదారి ఉంది, అది ఎనిమిదో లోకం దాకా తీసుకుపోతుంది. ఇవి వాడితే గేమ్ నిమిషాల్లో అయిపోతుంది కానీ సగానికి పైగా లెవెళ్ల మొహమే చూడరు. కాబట్టి నా చాలెంజ్: ఒక్క గొట్టం అడ్డదారీ వాడకుండా 32 లెవెళ్లూ దాటాలి. 4-4, 7-4 కోటలు తిక్క కోటలు. సరైన మెట్టు మీదుగా వెళ్లకపోతే వచ్చిన చోటికే మళ్లీ మళ్లీ తీసుకొస్తాయి. అక్కడ పిల్లకాయలు పాత నోటుపుస్తకంలో దారి గీసుకుంటారు. మొత్తం పూర్తయ్యాక యువరాణి దొరుకుతుంది, దాని తర్వాత ఇంకా కష్టమైన రెండో విడత తెరుచుకుంటుంది. అప్పటిదాకా మెత్తగా అణిగిపోయిన గుంబాలనే శత్రువుల చోట గట్టి డిప్ప ఉన్న పురుగులు వస్తాయి.

చిన్నవాళ్లకు అంత పెద్ద చాలెంజ్ వద్దు. 1-1 లెవెల్ చాలు. చివర్లో జెండా కర్ర పట్టుకునే క్షణంలో పైన టైము చివరి అంకె 1 ఉంటే కోట దగ్గర ఒక టపాసు, 3 ఉంటే మూడు, 6 ఉంటే ఆరు పేలతాయి. మిగతా అంకెలకు ఏమీ లేదు. ఆరు టపాసులు పేల్చడమే చాలెంజ్. వినడానికి తేలిక. అయితే ఆ టైము మన గడియారం సెకను కాదు, సెకనుకి రెండు అంకెలకు పైగానే తగ్గుతుంది. పైగా మెట్ల మీద నుంచి దూకాక కర్ర అందేదాకా కాస్త వ్యవధి ఉంటుంది. అంటే 6 కనిపించినప్పుడు దూకితే అందేసరికి 5 వచ్చి ఉంటుంది, 4 కూడా రావచ్చు. ఎప్పుడు దూకాలో ఎవరికి వాళ్లు పట్టుకోవాల్సిందే. రెండో తరగతి బుడ్డోడు మెట్ల మీద నిలబడి "ఎనిమిది... ఏడు..." అని లెక్కపెట్టుకుంటూ దూకి, ఆరు టపాసులూ పేలగానే షాపు దద్దరిల్లేలా అరిచాడు. ఎక్కాలు అప్పజెప్పినప్పుడు ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఇద్దరు అన్నదమ్ములున్న ఇంట్లో అయితే, ఇద్దరూ కలిసి తుపాకులతో ఆడే కాంట్రా. ఆర్కేడ్‌లో, అంటే నాణెం వేసి ఆడే మెషీన్ల మీద 1987లో, ఇంటి మెషీన్‌కి 1988లో కొనామీ కంపెనీ తెచ్చింది. ఒక్క తూటా తగిలితే ఒక ప్రాణం పోతుంది. పైన, పైన, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ నొక్కి స్టార్ట్ కొడితే 30 ప్రాణాలొచ్చే కోడ్ మా తరానికి నోటికొచ్చు. దాన్ని కనిపెట్టినది కజుహిసా హషిమొతో అనే ఆయన. కొనామీదే అయిన గ్రేడియస్ గేమ్‌ని ఇంటి మెషీన్‌కి మార్చేటప్పుడు పరీక్షించి చూడటానికి తనకే కష్టంగా ఉందని ఆ కోడ్ పెట్టుకున్నారు, అది తీయకుండానే 1986లో గేమ్ బయటికొచ్చింది. ఆయన 2020లో కన్నుమూశారు. ఆ కోడ్ మీద నాకు ప్రేమే, కానీ చాలెంజ్‌కి అది పనికిరాదు. మూడు ప్రాణాలతోనే మొదలెట్టాలి.

కాంట్రాలో నేను పెట్టే అసలు చాలెంజ్ మూడో లెవెల్, జలపాతం. అక్కడ ఇద్దరూ పైకెక్కాలి. ఒకడు తొందరపడి ఎగబాకితే తెర పైకి జరిగి, కింద ఉన్నవాడు తెర అంచున పడి చస్తాడు. శత్రువు అక్కర్లేదు, అన్న తొందరే తమ్ముణ్ణి చంపేస్తుంది. జలపాతం మొత్తం ఒకరివల్ల ఒకరు చావకుండా ఎక్కాలి. ఇద్దరు కొట్టుకునే పిల్లలకు ఇంతకంటే మంచి లెవెల్ నేను చూడలేదు. "ఆగరా, నేను ఇంకా కిందే ఉండా!" అన్న మాట మా షాపులో రోజూ వినిపిస్తుంది.

లెక్కలంటే భయపడే పిల్లలకు, పైనుంచి పడే ముక్కలను సందుల్లేకుండా పేర్చి వరుసలు నింపి తుడిచే టెట్రిస్. మాస్కోలో 1984లో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశారు. నింటెండో మెషీన్ మీద వచ్చిన 1989 నాటి టెట్రిస్‌లో, సున్నా లెవెల్లో ఒక్క వరుస తుడిస్తే 40 పాయింట్లు, నాలుగు వరుసలు ఒకేసారి తుడిస్తే 1,200. విడివిడిగా నాలుగు తుడిస్తే 160 మాత్రమే. అందుకని ఓపిగ్గా ఒక పక్క సందు వదిలి, పొడుగు ముక్క కోసం కాచుకోవాలి. బి రకం ఆటలో 25 వరుసలు తుడిస్తే గెలుపు. ముందు లెవెల్ సున్నా, ఎత్తు సున్నా పెట్టుకుని, ఒక్కో మెట్టే పెంచుకుంటూ లెవెల్ 9, ఎత్తు 5 దాకా పోవాలి. ఆ చివరి మెట్టులో సగం తెర చెత్త ముక్కలతో నిండి ఉండగానే ఆట మొదలవుతుంది. కరెంటు తీస్తే స్కోర్లు చెరిగిపోతాయి కాబట్టి గోడ మీద ఒక క్యాలెండర్ వెనక రాయిస్తాను.

ఇదే టెట్రిస్‌లో లెవెల్ 29 దగ్గర ముక్కలు ఎంత వేగంగా పడతాయంటే, బటన్ నొక్కి పట్టుకుంటే ముక్క అంచుకు చేరేలోపే నేలకు తగులుతుంది. చాలా ఏళ్లు అదే ఆఖరు అనుకున్నారు. తర్వాతి తరం పిల్లలు కంట్రోలర్ వెనక వేళ్లతో వరసగా తట్టే పద్ధతి పట్టుకున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలో 13 ఏళ్ల కుర్రాడు లెవెల్ 157 దాకా ఆడితే, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక గేమే ఆగిపోయింది. తాను పుట్టక ముందు వచ్చిన గేమ్‌ని ఒక పిల్లవాడు అంచు దాకా తీసుకెళ్లాడంటే, మన పిల్లలు ఎందుకు చేయలేరు?

కంప్యూటర్ ఉన్న ఇళ్లకు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డన్ మెక్నర్ 1989లో చేశారు. తమ్ముడి చేత పరుగులు, దూకుళ్లు చేయించి వీడియో తీసి, ఆ కదలికల మీద బొమ్మ గీశారు. అందుకే రాకుమారుడు అంచు పట్టుకుని వేలాడితే మన భుజాలు నొప్పిపుడతాయి. గేమంతా 60 నిమిషాల్లో పూర్తి చేయాలి, అదే అందులో పుట్టిన చాలెంజ్. అద్దంలోంచి బయటికొచ్చిన నీడమనిషిని చివర్లో ఏం చేయాలో మాత్రం పిల్లలకు ఎవరూ చెప్పొద్దని మనవి. మన బడుల కంప్యూటర్ గదుల్లో తిరిగిన డేంజరస్ డేవ్ కూడా ఇవ్వొచ్చు. పది లెవెళ్లే, ప్రతి దాంట్లో కప్పు తీసుకుని తలుపు చేరాలి. ఒక్క రత్నం కూడా వదలకుండా చేయమనండి.

బ్యాటిల్‌టోడ్స్ మాత్రం మొదట్లోనే ఇవ్వకండి. మూడో లెవెల్లో బండి నడిపే చోట పెద్దవాళ్లే చేతులెత్తేస్తారు. పిల్లవాడు విసిగిపోతే మళ్లీ ఫోన్ అడుగుతాడు.

మెకానిక్‌గా రెండు మాటలు. తుపాకీతో బాతులు కొట్టే డక్ హంట్ కొత్త టీవీ మీద పనిచేయదు. పిల్లల తప్పు కాదు, తుపాకీ తప్పూ కాదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చదరం మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీ కన్ను పట్టుకోవాలి. డబ్బా టీవీలో బొమ్మ వెంటనే వస్తుంది, పలక టీవీలో ఆలస్యంగా వస్తుంది. అదే ఆలస్యం మారియోను సమయానికి దూకించడానికీ అడ్డే కాబట్టి, పలక టీవీ అయితే సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టుకోండి. రెండోది, క్యాసెట్‌లో నోటితో ఊదకండి. ఉమ్మి తడికి లోపలి రాగి పళ్లు తుప్పు పడతాయి. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి తుడిస్తే చాలు. ఇక 9999 ఇన్ 1 అని రాసి ఉన్న క్యాసెట్‌లో ఉండేవి కొన్ని గేములే, అవే మళ్లీ మళ్లీ వేరే లెవెళ్ల నుంచి మొదలవుతాయి. చాలెంజ్‌కి మొదట కనిపించే గేమే ఎంచుకోండి.

టీవీ గేమ్ లేనివాళ్లు దొంగ కాపీల జోలికి పోనక్కర్లేదు. నింటెండో స్విచ్ చందాలో పాత మారియో ఉంది. పాత కాంట్రా గేములు కొన్ని కలిపి కొనామీ 2019లో ఒక సంపుటిగా తెచ్చింది.

ఇక నేను అడిగేది. మీ పిల్లల పేజీలో వారానికి ఒక చిన్న పెట్టె ఇవ్వండి. ఒక పాత గేమ్, దాని గురించి నాలుగు వాక్యాలు, ఒక చాలెంజ్. పూర్తి చేసిన పిల్లలు తెరకు ఫోటో తీసి పంపితే, పేరు, తరగతి, ఊరు అచ్చు వేయండి. బహుమతి అక్కర్లేదు. పేపర్లో పేరు చూసుకోవడమే వాళ్లకు పెద్ద అచీవ్‌మెంట్. మొదటి వారానికి 1-1లో ఆరు టపాసులు పెట్టండి, రెండో వారానికి జలపాతం. ఆ తర్వాత వారాలకు కావలసిన చాలెంజులు రాసి పంపడానికి నేను సిద్ధం. పెరంబూరు చుట్టుపక్కల పిల్లలెవరైనా పనిచేయని క్యాసెట్ తెస్తే డబ్బు తీసుకోకుండా శుభ్రం చేసిస్తాను.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
పెరంబూరు, చెన్నై