మా విత్తనాల సైట్ మళ్ళీ తెరుచుకుంది: అసలు ఏం జరిగిందంటే

కొన్ని వారాలుగా మన విత్తనాల సైట్ మీలో చాలామందికి తెరుచుకోలేదు. ఇప్పుడు తెరుచుకుంటోంది. పేరు పాతదే, మీరు మార్చుకోవలసింది ఏమీ లేదు. ఈలోగా ఫోన్ చేసి ఆర్డర్ చెప్పినవాళ్ళ ప్యాకెట్లు అన్నీ వెళ్ళిపోయాయి.

మృగశిర వచ్చి, తొలకరి పడి, బీర, ఆనప, పొట్ల గింజలు మట్టిలో పడాల్సిన రోజుల్లోనే ఇలా జరగడం నాకు చాలా బాధ కలిగించింది. అంతకంటే ఎక్కువ బాధ పెట్టింది "షాపు ఎత్తేశారా అమ్మా?" అన్న ప్రశ్న. గాజువాక నుంచి, ఎంవీపీ కాలనీ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా అడిగారు. ఎత్తేయలేదు. ఒక్క పూట కూడా మూయలేదు. మా దగ్గరికి వచ్చే దారిని మాకు చెప్పకుండా వేరేవాళ్ళు మూసేశారు. అది మీకు వివరంగా చెప్పాలనే ఇంత పెద్దగా రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక మాట. ఈ సైట్ విశాఖపట్నం మర్రిపాలెంలో మా ఇంట్లోనే నడుస్తుంది. విత్తనాల డబ్బాలు ఉండే గదిలో, పై అరలో, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి, దానికి ఒక డిస్కు, కింద ఇన్వర్టర్. ఫైబర్ లైన్ రౌటర్‌లోకి వస్తుంది. బయటి నుంచి ఎవరైనా 443 పోర్టు (వెబ్‌సైట్ల కోసం ఉంచిన నంబరు తలుపు) మీద వస్తే, రౌటర్ వాళ్ళను ఈ చిన్న యంత్రానికి పంపిస్తుంది. దాన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. ఏళ్ళ తరబడి ఇలాగే సాఫీగా నడిచింది.

మొదట ఫోన్ చేసింది ఉక్కునగరం నుంచి ఒక మాస్టారు. ఆయన చెబుతుండగానే నేను నా ఫోన్‌లో చూశాను, సైట్ చక్కగా వచ్చింది. ఇంటి వైఫైలో ఉన్న ఫోన్ మన సైట్ పేరు అడిగితే, 192.168 తో మొదలయ్యే లోపలి చిరునామానే చెప్పేలా పెట్టుకున్నాం. బయటికి వెళ్ళి తిరిగి రావలసిన పని దానికి లేదు. వైఫై ఆపి, ఫోన్ డేటా మీద చూస్తే అప్పుడు తెలిసింది. తెల్ల తెర, తిరుగుతున్న చక్రం, చివరికి సమయం మించిపోయిందన్న మాట.

ఇలాంటి తంటా పడేవాళ్ళకు ఆ మాటే మొదటి ఆధారం. కనెక్షన్ నిరాకరించారని వస్తే, అవతల యంత్రం ఉంది, వద్దంటోంది అని సాధారణంగా అర్థం. సమయం మించిపోయిందంటే అసలు ఎవరూ పలకలేదన్నమాట. మా యంత్రం దాకా ఏమైనా వస్తోందా అని టీసీపీడంప్ నడిపాను. నెట్ మీద వచ్చిన ప్రతి సమాచారపు ముక్కకూ (దాన్నీ ప్యాకెట్ అనే అంటారు) ఒక వరస రాసి చూపిస్తుంది అది. పక్కనే ఫోన్ డేటా మీద పేజీని మళ్ళీ మళ్ళీ తెరిచాను. తెర మీద ఒక్క వరస పడలేదు. రౌటర్‌లో 443 నియమం ఉండాల్సినట్టే ఉంది, లోపలి చిరునామా సరిగానే ఉంది, ఏది లోపలికి రావచ్చో చూసే ఫైర్‌వాల్‌లో మార్పు లేదు. ఇక మిగిలింది రౌటర్‌కు అవతలి వైపే.

రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అని ఒక వరస ఉంటుంది. నెట్ కంపెనీ మన ఇంటికి ఇచ్చిన చిరునామా అది. అక్కడ 100.81 తో మొదలయ్యే అంకె కనిపించింది. మన ఐపీ ఎంతో చెప్పే సైట్‌కు వెళ్ళి చూస్తే పూర్తిగా వేరే అంకె. ఈ రెండూ ఒకటే అయి ఉండాలి. కాలేదంటే మన రౌటర్‌కూ ప్రపంచానికీ మధ్య కంపెనీది ఇంకో పెద్ద రౌటర్ కూర్చుందన్నమాట. 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న చిరునామాలను 2012లో సరిగ్గా ఈ పనికే కేటాయించారు. పద్ధతి పేరు సీజీనాట్. ఎన్నో ఇళ్ళను కలిపి ఒకే బయటి చిరునామా మీద నడుపుతారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబరు పెట్టి, ఫ్లాట్ నంబర్లు తీసేస్తే ఎలా ఉంటుందో అలా. లోపలివాళ్ళు బయటికి వెళ్ళొచ్చు, వాళ్ళు రాసిన ఉత్తరానికి జవాబు తిరిగి వస్తుంది. కానీ బయటి మనిషి కొత్తగా వచ్చి మా ఇల్లు వెతుక్కుంటే దొరకదు. నా రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు, ఎందుకంటే మూసుకున్న తలుపు నా చేతిలో లేదు.

చిరునామాల కొరత నిజమే, దాన్ని కాదనను. పాత పద్ధతి ఐపీవీ4లో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఆ ఏప్రిల్‌లో మన ఆసియా పసిఫిక్ వాటా కూడా అడుగంటింది. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఏళ్ళుగా నెల తప్పకుండా బిల్లు కట్టే మనిషికి ఒక్క మెసేజ్ పెట్టరా? బిల్లు గడువు దగ్గరపడితే రోజుకో మెసేజ్ పంపేవాళ్ళు, ఇంటి చిరునామా తీసేసేటప్పుడు ఒక్క ముక్క రాయలేకపోయారా?

పోనీ అడిగితే సరిగ్గా చెప్పారా అంటే అదీ లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మొదటి నుంచి మొత్తం చెప్పాలి, చివరికి "రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి మేడమ్". వాన్ ఐపీ అంకె చదివి వినిపిస్తే "మీ రౌటర్ పాడైంది, కొత్తది కొనండి" అన్నారు. తర్వాత ఒక అబ్బాయి ఇంటికి వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపలికి వచ్చి, తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి నాకు చూపించాడు. "స్పీడ్ ఫుల్‌గా వస్తోంది కదా మేడమ్." బాబూ, బయటికి వెళ్ళే వేగం గురించి కాదు, లోపలికి రావడం గురించి అడుగుతున్నాను అంటే, తనకు నేర్పింది ఇంతేనన్నాడు. అతన్ని ఏమీ అనను, మజ్జిగ ఇచ్చి పంపాను. అతను వీధి చివర దాటకముందే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. ఆ మెసేజ్ ఇంకా దాచుకున్నాను. నా అనుమతి లేకుండా నా ఫిర్యాదును పరిష్కరించేశారు.

చివరికి పైస్థాయి మనిషి ఒకరు ఒప్పుకున్నారు. మా ఏరియా మొత్తాన్ని సీజీనాట్‌లోకి మార్చారట. స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) కావాలంటే బిజినెస్ ప్లాన్ తీసుకుని, నెలనెలా అదనంగా కట్టాలట. కడితే మళ్ళీ తీసేయరని రాసి ఇస్తారా అని అడిగాను. అలా రాసివ్వడం కుదరదన్నారు. చెప్పకుండా తీసుకున్న వస్తువును నాకే తిరిగి అమ్ముతామంటే నేను కొనను. డబ్బు లేక కాదు.

ఈలోగా ఇంకోటి జరిగింది, ఇది మీరందరూ తెలుసుకోవాలి. ఇంటి చిరునామా మారినప్పుడల్లా కొత్తదాన్ని సైట్ పేరుకు జతచేసే డైనమిక్ డీఎన్ఎస్ సర్వీసు ఒకటి వాడుతున్నాం. 100.81 తో మొదలయ్యే ఆ చిరునామా బయట చెల్లదు కాబట్టి అది తీసుకోలేదు, పాతదాని దగ్గరే ఆగిపోయింది. ఆ పాత చిరునామాను కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసింది. సీతమ్మధార నుంచి ఒకావిడ స్క్రీన్‌షాట్ పంపారు: మన సైట్ పేరు పైన, కింద ఎవరిదో సీసీ కెమెరా లాగిన్ పేజీ. చూడగానే గుండె జారిపోయింది. ఆ పేజీ మాది కాదు. దాని ద్వారా మీ ఆర్డర్ వివరాలు ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే ఆర్డర్ ఫారం మా యంత్రంలో తప్ప ఇంకెక్కడా లేదు. మన సైట్‌లో పాస్‌వర్డ్‌లు లేవు, కార్డు నంబర్లు అడగం. ఆ పేజీలో పొరపాటున ఏదైనా పాస్‌వర్డ్ కొట్టినవాళ్ళు ఉంటే మాత్రం దాన్ని మార్చేయండి. ఇది తెలిసిన గంటలోనే సైట్ పేరును ఆ చిరునామా నుంచి తప్పించాను.

ఇక ఏం చేయాలి అన్నది నన్ను నిద్రపోనివ్వలేదు. మా అక్క కొడుకు మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. "పిన్నీ, ఇంకా ఇంట్లో పెట్టుకుని ఈ టెన్షన్ ఎందుకు? హోస్టింగ్‌లో పడేయ్, గంటలో అయిపోతుంది" అన్నాడు. సైట్‌ను వేరే కంపెనీ సర్వర్‌లో ఉంచడాన్నే హోస్టింగ్ అంటారు. వాడి మాటలో న్యాయం ఉంది. ఖర్చు కూడా ఏమంత కాదు. మన వాట్సాప్ గ్రూపులో ఒకరు "ఇంట్లో నడిపే సైట్లు ఇంతే, ఏదైనా పెద్ద షాపింగ్ యాప్‌లో పెట్టేయండి" అని రాశారు. మంచి కోరే రాసి ఉంటారు. కానీ ఆ "ఇంతే" అన్న మాట చాలా గుచ్చుకుంది.

షాపింగ్ యాప్‌లో బీర గింజ అంటే ఒక ఫొటో, ఒక ధర. మన సైట్‌లో ప్రతి ప్యాకెట్ వెనక ఒక చరిత్ర ఉంది. ఏ కాయ నుంచి తీశాం, ఎప్పుడు ఎండబెట్టాం, తడిగుడ్డలో పెట్టి చూస్తే ఎన్ని మొలిచాయి. దాని కింద మీరు రాసినవి: భీమిలి వైపు ఉప్పుగాలికి ఏ టమాటా పూత నిలిచింది, ఏ వంగ ఆకు మాడింది, పెందుర్తి ఎండకు ఏ తోటకూర ఆగింది. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, మూత సరిగ్గా పడని డబ్బాలో గింజ త్వరగా చచ్చిపోతుంది. అందుకే ఈ లెక్కలు రాయడం మొదలుపెట్టాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఊళ్ళో చెట్లన్నీ కూలిపోయిన తర్వాత, మా మేడ మీద మొదటి కుండీ పెట్టినప్పటి నుంచి ఉన్న రాతలు అందులో ఉన్నాయి. మీ చిరునామాలు, ఫోన్ నంబర్లు కూడా అందులోనే ఉన్నాయి. అవి మా ఇల్లు దాటవని మొదటి నుంచీ మీకు చెబుతూ వచ్చాను. హోస్టింగ్ కంపెనీలు దొంగలని అనడం లేదు. చెప్పిన మాట మీద నిలబడాలనుకున్నాను. మొండితనం అంటే అనండి.

ఇంటి యంత్రం నుంచి బయటి సర్వర్‌కు నెట్ మీదే వేసుకునే మూసిన దారిని టన్నెల్ అంటారు. దాన్ని ఉచితంగా ఇచ్చే పెద్ద సర్వీసులు ఉన్నాయి. దాదాపు అటే వెళ్ళిపోయాను కూడా. కానీ వెబ్‌సైట్ల కోసం వాటిని మామూలుగా వాడే పద్ధతిలో, మీ బ్రౌజర్ నుంచి వచ్చే సమాచారం తాళం వాళ్ళ దగ్గరే తెరుచుకుంటుంది, అక్కడి నుంచి మళ్ళీ మా ఇంటికి వస్తుంది. ఆ ఒక్క విషయం దగ్గర చేయి ఆగిపోయింది.

చివరికి ముంబైలోని ఒక డేటా సెంటర్‌లో అతి చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నాను. దానికి సొంత బయటి చిరునామా ఉంది. మా ఇంటి యంత్రమే వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో అక్కడికి ఒక టన్నెల్ వేసుకుంటుంది. బయటికి వెళ్ళడాన్ని సీజీనాట్ ఆపదు కదా, ఆ దారి మూసుకుపోకుండా 25 సెకన్లకు ఒకసారి ఒక చిన్న ప్యాకెట్ పంపిస్తూ ఉంటుంది. మీరు సైట్ తెరిస్తే ముంబైకి వెళుతుంది, అక్కడి సర్వర్ దాన్ని విప్పకుండా అలాగే మర్రిపాలెం పంపిస్తుంది. తాళం చెవి ఇంట్లోనే ఉంది. సైట్ మాదేనని బ్రౌజర్‌కు రుజువు చూపే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులకే చెల్లుతుంది, ముందు అది 80 పోర్టు ద్వారా రెన్యూ అయ్యేది. ఇప్పుడు డీఎన్ఎస్ (సైట్ పేరుకు చిరునామా చెప్పే పట్టిక) ద్వారా అయ్యేలా మార్చాను, కాబట్టి దారి మూసుకున్నా అది ఆగదు.

అన్నిటికంటే నన్ను ఒప్పించింది ఒకటే. ఇక మీదట ఏ నెట్ కంపెనీ ఏ చిరునామా ఇచ్చినా, ఇవ్వకపోయినా ఈ సైట్‌కు పట్టింపు లేదు. ఫైబర్ లైన్ పీకేసి ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టి చూశాను, అక్క కొడుకు మధురవాడ నుంచి పేజీ తెరిచి "వస్తోంది పిన్నీ" అన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మా వీధికి ఇంకో కంపెనీ ఫైబర్ ఇంకా రాలేదు. వచ్చిన రోజే మారతాను, సైట్ ఆపకుండానే మారతాను.

ధరలు పెంచడం లేదు, సర్వర్ అద్దె నేను చూసుకుంటాను. గాలివాన వచ్చి కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా దిగిపోతే సైట్ ఆగవచ్చు, అప్పుడు వాట్సాప్ గ్రూపులో చెబుతాను.

ఇంకా ఎవరికైనా తెరుచుకోకపోతే ఒకసారి ఫోన్ డేటా మీద, ఒకసారి వైఫై మీద చూసి, దేని మీద రావడం లేదో, తెర మీద ఏం రాసి ఉందో నాకు పంపండి. "రావడం లేదు" అని మాత్రమే రాస్తే ఎక్కడ వెతకాలో తెలియదు. ఈ వారాల్లో ఆర్డర్ బటన్ నొక్కి, మా నుంచి మెసేజ్ రానివాళ్ళు దయచేసి మళ్ళీ పెట్టండి, అవి నా దాకా రాలేదు. ఆలస్యమైందని బీర, పొట్ల వదిలేయకండి, ఇంకా అదును ఉంది. చిక్కుడు గింజలు ఎండుతున్నాయి, మొలక పరీక్ష అయ్యాక పెడతాను. నేతిబీర ఈసారి తక్కువే వచ్చింది, సైట్‌లో "ఉంది" అని కనిపిస్తేనే డబ్బు పంపండి.