తాతా నాన్నమ్మలు మనవలతో రైలెక్కకూడదా? రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మనవలతో వెళ్లే పెద్దవాళ్లకి రైల్లో కింది బెర్తు దొరకడం లేదని ఇదివరకు రాసిన ఉత్తరాలు మీ కార్యాలయానికి చేరాయని నాకు తెలుసు. పోస్టాఫీసులో పని చేసి రిటైరైన వాణ్ని, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టకుండా ఏదీ పంపను. కార్డులు సంతకాలతో తిరిగొచ్చాయి. జవాబులే రాలేదు. పోర్టల్లో పెట్టిన ఫిర్యాదుకి మాత్రం 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కాస్త చెబితే మేమూ సంతోషిస్తాం కదండీ. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. కొడుకూ కోడలూ సూరత్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లలిద్దరూ మా దగ్గరే ఉంటారు. మనవడికి తొమ్మిదేళ్లు, మనవరాలికి ఆరు. వేసవి సెలవులకి వాళ్లకి రెండు ఆశలు పెట్టాం. మహేంద్రగిరి మీద టెంటులో పడుకోవడం ఒకటి, హైదరాబాద్ చూడటం ఇంకొకటి.

కొండ మీద ఏ ఇబ్బందీ లేదు. 1501 మీటర్ల ఎత్తు, వేసవిలో కూడా రాత్రి దుప్పటి కప్పుకోవాల్సి వచ్చింది. కుంతి గుడి దగ్గర మావాడు "పాండవులూ టెంటే వేసుకున్నారా తాతా?" అని అడిగి అందర్నీ నవ్వించాడు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. టెంటులో మంచం ఎత్తుగా ఉందని చూసి, అక్కడ పనిచేసే కుర్రాడు అడక్కుండానే ఒక చెక్కపీట తెచ్చి వేశాడు. అది ఊగుతోందని కింద పలకరాయి పెట్టి, తను ఎక్కి చూసి మరీ వెళ్లాడు. ఏ సర్క్యులర్ చదివి చేశాడో తెలీదు.

ఇక మీ రైలు సంగతికొస్తాను.

60 దాటిన మగవాళ్లకీ, 45 దాటిన ఆడవాళ్లకీ కింది బెర్తు కోటా ఉంది, నిజమే. కానీ ఒక్కరే వెళ్తేనో, అలాంటి వాళ్లిద్దరు ఒకే టికెట్ మీద వెళ్తేనో మాత్రమే. ఆ టికెట్లో మనవడి పేరు చేరిందా, కోటా ఎగిరిపోతుంది. అంటే మనవణ్ని వెంటబెట్టుకునేసరికి మీ కంప్యూటర్ లెక్కలో తాతకి వయసు తగ్గిపోతుందన్నమాట! మోకాళ్లకి ఆ సంగతి తెలియడం లేదు, అదే ఇబ్బంది.

కౌంటర్లో ఆయన మంచిగానే చెప్పారు. "మీ ఇద్దరికీ ఒక టికెట్, పిల్లలకి వేరే టికెట్ తీసుకోండి, మీకు కిందివి రావొచ్చు" అన్నారు. పిల్లలు వేరే బోగీలో పడితే ఎలాగండీ అంటే, ఎక్కాక టీటీని అడగండి అన్నారు. ఆరేళ్ల పిల్లని ఎస్-3లో పడుకోబెట్టి మేము ఎస్-9లో పడుకోవాలా? ఆ టెన్షన్ మా వల్ల కాదని నలుగురికీ ఒకే టికెట్ తీశాం. రెండు మిడిల్, ఒక అప్పర్, ఒక సైడ్ అప్పర్ వచ్చాయి. కిందిది ఒక్కటీ లేదు.

పిల్లలకి డబ్బు మాత్రం పూర్తిగా కట్టాం. 2016 ఏప్రిల్ నుంచి అయిదు నిండిన పిల్లలకి బెర్తు కావాలంటే ఫుల్ ఛార్జీ కదా. బెర్తు వద్దంటే సగమే, కానీ అప్పుడు నలుగురం రెండు బెర్తుల మీద సర్దుకోవాలి. పలాస నుంచి సికింద్రాబాద్ దాకా, రాత్రంతా.

రాత్రి 10 కాగానే మిడిల్ బెర్తులు లేపారు. మా ఆవిడ ఒక కాలు కింది సీటు అంచున పెట్టి, గొలుసు పట్టుకుని రెండోది లేపబోయింది. లేవలేదు. కింద పడుకున్న కుర్రాణ్ని నేనేమీ అనను, అతనూ డబ్బు కట్టాడు, తెల్లారి ఇంటర్వ్యూ ఉందట. టీటీ గారు చార్టు తిరగేసి, ఖాళీ లేదన్నారు. చివరికి రెండు సీట్ల మధ్య నేల మీద చీర మడిచి పరుచుకుని నాన్నమ్మా, మనవరాలూ పడుకున్నారు. పాపకి ఫుల్ ఛార్జీ కట్టిన సైడ్ అప్పర్ మీద తెల్లారేదాకా మా సంచులు హాయిగా నిద్రపోయాయి. టాయిలెట్‌కి వెళ్లే ప్రతివాళ్లూ వాళ్లని దాటుకునే వెళ్లారు. మర్నాడు సాలార్‌జంగ్ మ్యూజియంలో, గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొట్టే వేళకి పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, మా ఆవిడ బెంచీ మీద కునికిపాట్లు పడుతోంది. జూ పార్కు మానుకున్నాం. పిల్లలు గొడవ చేయలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇక సీనియర్ సిటిజన్ల టికెట్ రాయితీ. మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 శాతం ఉండేది. కరోనా రోజుల్లో పెద్దవాళ్లు తిరగకుండా ఉండాలని 2020 మార్చిలో ఆపారు, మా మేలు కోరే ఆపారు, కాదనను. కరోనా పోయింది, మాస్కులు పోయాయి, మా రాయితీ ఒక్కటే ఇంకా క్వారంటైన్‌లో ఉంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో అయినా తిరిగి ఇచ్చే సంగతి చూడమని పార్లమెంటు స్థాయీ సంఘం కూడా చెప్పింది. ప్రతి ప్రయాణికుడికీ 46 శాతం సబ్సిడీ ఇస్తూనే ఉన్నామని మీరు సభలో చెప్పారు. అది పాతికేళ్ల కుర్రాడికీ ఇస్తున్నారు కదండీ, ముసలివాళ్లకని ప్రత్యేకంగా ఏమిచ్చారని మా ప్రశ్న.

మా రాజావారు 1900లో నౌపడా నుంచి మా ఊరికి చిన్న రైలు వేయించారు. నేను అందులో తిరిగినవాణ్నే. నత్తనడక నడిచేది గానీ, అందరూ కిందే కూర్చునేవాళ్లం, పైన బెర్తు లేదు కాబట్టి. ఇప్పుడు వందే భారత్‌లు వచ్చాయి, సంతోషం. మీరు మా ఒడిశా నుంచే రాజ్యసభకి వెళ్లినవారు కాబట్టి ఇంత చనువుగా రాస్తున్నాను, తప్పనుకోవద్దు.

మేం అడిగేది కోట్లతో పని కాదు. ఇద్దరు పెద్దవాళ్లతో పన్నెండేళ్లలోపు పిల్లలుంటే ఆ టికెట్‌కి కూడా కింది బెర్తు కోటా వర్తింపజేయండి. కంప్యూటర్‌లో ఒక మార్పు, అంతే కదా. రాయితీ తిరిగి ఇవ్వండి, సగమైనా ఇవ్వండి. పిల్లల ఛార్జీ సంగతీ చూడండి. ఏదీ కుదరకపోతే కుదరదని ఒక్క ముక్క రాయండి, పోర్టల్లో 'పరిష్కరించబడింది' అని మాత్రం పెట్టించకండి, దండం పెడతాను.

దసరా సెలవులకి పిల్లలు మళ్లీ అడుగుతున్నారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కదా, ఆలోగా ఈ ఒక్కటైనా చెప్పండి: నలుగురికీ ఒకే టికెట్ తీయమంటారా, రెండు తీయమంటారా?

ఇట్లు,
ఒక సీనియర్ సిటిజన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా