ప్రోగ్రెస్ కార్డులు ఆలస్యమైనందుకు

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం మీ చేతికి అందే కార్డులు నిజానికి నాలుగు రోజుల కిందటే అందాలి. తప్పు నాదే. ఎలా జరిగిందో చెబుతాను.

జరగబోయేది చెప్పే మాటలు ఇంట్లో అడిగి తెమ్మని ఎనిమిదో తరగతి తెలుగు పీరియడులో పిల్లలకు పని పెట్టాం. నల్లబల్ల నిండిపోయింది: జోస్యం, సోది, శకునం, భవిష్యవాణి, కాలజ్ఞానం, సూచన, అంచనా. ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ దగ్గర నుంచి ‘ఎరుక’ తెచ్చింది. మన వరంగల్ వైపు ‘ఎరుకేనా?’ అంటే ‘తెలుసా?’ అనే కదా, ఎరుక చెప్పడమంటే తెలిసింది చెప్పడం. ‘సోది’కి మాత్రం పిల్లలకు తెలిసిన అర్థం ఒక్కటే, విసుగు పుట్టించే మాటలు. (ఉదయం ప్రార్థన తర్వాత నేను చెప్పే నాలుగు ముక్కలకు వాళ్లు పెట్టుకున్న పేరూ అదేనట.) శకునమంటే సంస్కృతంలో పక్షి అని కూడా అర్థమనగానే మాట చిలుక జోస్యం మీదికి ఎగిరిపోయింది. దాన్ని తిరిగి దింపడానికి పది నిమిషాలు పట్టింది.

పంచాంగం దగ్గర వాదన ముదిరింది. అందులో గ్రహణం వేళా ఉంటుంది, ఏ రాశికి ఎంత ఆదాయమో కూడా ఉంటుంది. మొదటిది లెక్క, గడియారంతో సరిచూసుకోవచ్చు. రెండోదాన్ని దేనితో సరిచూస్తాం? వాతావరణ శాఖ దారి వేరు, ‘కురిసే అవకాశం ఉంది’ అంటుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భారీ వర్షాల హెచ్చరిక ముందే ఉంది గాని, ఇంత పడుతుందని ఎవరూ అనలేదు. అంచనాకు ఆధారం ఉండాలి, తప్పితే దిద్దుకోవాలి. జోస్యానికి ఆ బాధ లేదు.

మర్నాడు ఒక అబ్బాయి తన కిందటేటి కార్డు పట్టుకుని నా గదికి వచ్చాడు. “సార్, ఇది జోస్యమా, అంచనానా?” అందులో నా చేతిరాతే: ‘లెక్కలు రావు. శ్రద్ధ పెట్టడు.’

మన భాషలో ఇదొక చిక్కు. ‘పెట్టడు’ అంటే ఇప్పుడు పెట్టడం లేదనీ అర్థం, ఇకముందు పెట్టబోడనీ అర్థం. అలవాటుకూ భవిష్యత్తుకూ క్రియ ఒక్కటే. నేను అలవాటు రాశాను, వాడు భవిష్యత్తు చదువుకున్నాడు. ఏడాదిపాటు ఆ కార్డును సంచిలోనే ఉంచుకున్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అందుకే ఈసారి కార్డులన్నీ వెనక్కి తెప్పించి వ్యాఖ్యలు తిరగరాయించాం. ఇప్పుడు ‘భిన్నాలు కూడేటప్పుడు హారాలు సమానం చేయకుండానే కలుపుతున్నాడు’ అన్న తీరులో ఉంటాయి. రాసేసరికి చేతులు నొప్పి పుట్టాయని ఉపాధ్యాయులు గొణిగారు, నేను విననట్టు ఊరుకున్నాను.

శనివారం ఉదయం పది గంటలకు రండి. సంతకం పక్కన మీ కోసం రెండు గీతలు వదిలాం. అక్కడ ‘మా వాడు చదవడు’ అని మాత్రం రాయకండి. ఏ పాఠం దగ్గర, ఏ వేళ పుస్తకం మూస్తున్నాడో రాయండి. ఆ రోజుకు ఎరుపు రంగు వాన హెచ్చరిక వస్తే సమావేశం సోమవారానికి మారుతుంది, మీ ఫోనుకు సందేశం పంపుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు